ఆపత్కాల వైద్యము – మన కళాశాలల ధర్మము

ఆపద చెప్పి రాదు. వచ్చిన పిమ్మట వైద్యునికై వేచియుండదు. గుండె యాగిన మనుష్యుని మెదడు నాలుగైదు నిమిషములలోనే చెడనారంభించును. పెద్ద రక్తనాళము తెగినవానికి ఆ పాటి గడువైనను ఉండకపోవచ్చును. కావున ప్రాణరక్షణ యనునది ముందుగా కాలమునకు సంబంధించిన సమస్య. పిదప దూరమునకు సంబంధించినది. అటుపిమ్మటనే ఔషధమునకు సంబంధించినది. ఆసుపత్రులను గూర్చియు, అందలి మంచములను గూర్చియు, వైద్యుల రాకపోకలను గూర్చియు మన ప్రజలు విశేషముగా చర్చింతురు. అది తగినదే. కాని రోగి ఆసుపత్రి గుమ్మము చేరులోపల గడచిపోవు అర్ధగంటను గూర్చి చర్చించువారు అరుదు. ఆ యర్ధగంటయే నేటి మా వ్యాసమునకు విషయము. దానిని కాపాడగల శిక్షితులను తయారుచేయు బాధ్యతను కృష్ణా డెల్టాలోని మన కళాశాలలు వహింపవలెనని మా దృఢాభిప్రాయము.

ఈ విషయమున దేశమునకు మార్గము చూపినది తెలుగు నేలయే యని చెప్పుకొనుటకు మనకు హక్కు కలదు. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో 108 సేవ యారంభమైనది. ఒక్క సంఖ్యకు ఫోను చేసినచో, డబ్బు అడుగక, కులగోత్రములు విచారింపక, అంబులెన్సు వచ్చి నిలుచుట అంతవఱకు మన పేదలు కని విని యెఱుగని సంగతి. తరువాత అనేక రాష్ట్రములు ఆ పద్ధతిని స్వీకరించినవి. 2020 జులై 1వ తేదీన మన విజయవాడ బెంజి సర్కిలు నుండియే 104, 108 సేవలకు చెందిన వేయికి పైగా వాహనములు బారులు తీరి జిల్లాలకు తరలిపోయినవి. ప్రభుత్వములు మాఱినవి, నిర్వహణ సంస్థలు మాఱినవి, బండ్ల రంగులు సైతము మాఱినవి. సేవ మాత్రము నిలిచినది. ఇది సామాన్యమైన విజయము కాదు.

అయినను మన ప్రజల దృష్టి బండి మీదనే నిలిచిపోయినట్లు మాకు తోచుచున్నది. బండి ఎంతసేపటికి వచ్చినది అని అడుగుదురు. బండి కొత్తదా పాతదా అని అడుగుదురు. బండిలో వచ్చినవారెవరు, వారు ఏమి నేర్చుకొనిరి, ఎక్కడ నేర్చుకొనిరి, ఎన్నాళ్ళు నేర్చుకొనిరి అని అడుగువారు ఎందఱు? సాధారణముగా అంబులెన్సులో డాక్టరు ఉండడు. బండి నడుపువాడు ఒకడు. వానిని పైలట్ అందురు. వెనుక రోగి ప్రక్కన కూర్చుండువాడు ఒకడు, వానిని ఈ.ఎం.టి. యందురు. డాక్టరు అవసరమైనపుడు దూరమునుండి ఫోనులో సలహా చెప్పును. కాని శ్వాసమార్గమున అడ్డుపడినదానిని తీయుట, ప్రాణవాయువు నందించుట, నెత్తురు కట్టివేయుట, విఱిగిన యెముకను కదలకుండ బంధించుట, ఆగిన గుండెను ఱొమ్ముపై నొక్కి నడిపించుట, దారిలోనే కాన్పు వచ్చినచో తల్లిని బిడ్డను కాపాడుట, ఈ పనులన్నియు పరుగెత్తు బండిలో ఆ యొక్కని చేతిమీదుగా జరుగవలసినవి. బండి దూరమును తగ్గించును. ప్రాణమును నిలుపునది ఆ చేయి. ఆ చేతికి విద్య నేర్పు ఏర్పాటు ఎంత గట్టిదో, సేవ యంతే గట్టిది.

మన ప్రాంతమున ఈ విద్యకు గల యవసరము పట్టణమున ఒక తీరు, పల్లెలో వేఱొక తీరు. విజయవాడయొద్ద కలకత్తా-మద్రాసు రహదారియగు 16వ నంబరు జాతీయ రహదారియు, హైదరాబాదు నుండి బందరు పోవు 65వ నంబరు రహదారియు కలియుచున్నవి. రేయింబవళ్ళు లారీలు, బస్సులు, మోటారు సైకిళ్ళు ఒండొంటిని దాటి పరుగిడు చోటు ఇది. దేశమంతటను 2022 సంవత్సరమున రహదారి ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది యని కేంద్ర ప్రభుత్వమువారే ప్రకటించిరి. ఒక్క యేటిలో ఒక పట్టణమంత జనము! ఇందు ఎంతోమంది గాయము చేత కాక, గాయపడిన పిమ్మట జరిగిన ఆలస్యము చేతను, అజ్ఞానము చేతను మరణించుచున్నారు. మెడయెముక దెబ్బతినినవానిని కాలుసేతులు పట్టి యెత్తి ఆటోలో కుదించి తీసికొనిపోవు దయామయులు మన వీధులలో నిత్యము కనబడుదురు. వారి దయకు మేము నమస్కరింతుము. కాని విద్య లేని దయ, బ్రతుకదగినవానిని జీవితాంతము మంచము పాలు చేయగలదు.

ఇక పల్లెల సంగతి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ మన డెల్టాకు అన్నము పెట్టు తల్లులు. ఆ కాలువలలోనే యేటేట పసిబిడ్డలు మునిగిపోవుచున్నారు. నీట మునిగి తీయబడినవానిని తలక్రిందులుగా పట్టుకొని త్రిప్పుటయు, పొట్ట నొక్కి నీరు కక్కించుటయు నేటికిని జరుగుచున్నది. వానికి ముందుగా కావలసినది శ్వాస. నోటిలో ఊపిరి యూది, గుండె కొట్టుకొననిచో ఱొమ్మును నిమిషమునకు నూఱు నుండి నూటయిరువది మాఱులు లోతుగా నొక్కవలెను. 2017 నవంబరు 12వ తేదీన ఇబ్రహీంపట్నము చెంత పవిత్రసంగమమున పడవ మునిగి ఇరువదిమందికి పైగా మరణించిరి. నదిలో పడవ నడుపు ప్రతి సరంగుకును, స్నానఘట్టమున కాపుండు ప్రతి మనుష్యునకును ఈ విద్య నేర్పి యుండవలెనని ఆనాడు ఎందఱకు తోచినది?

దివిసీమ రైతు ఎఱిగిన మఱియొక శత్రువు పాము. 2018 ఆగస్టులో అవనిగడ్డ ప్రాంతమున పాముకాట్లు విపరీతముగా పెరిగి జనులు భయభ్రాంతులైరి. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిని సర్పశాంతి కూడ జరిగినది. భక్తి భక్తియే, దానిని మేము ఆక్షేపింపము. కాని కఱచిన పిమ్మట చేయవలసినది వేఱు. నాగుపాము, కట్లపాము కఱచినచో విషము నరములకెక్కి ఊపిరి కండరములు పడిపోవును. రోగి స్పృహలో నుండగానే శ్వాస నిలిచిపోవచ్చును. ఆ సమయమున ముఖమునకు మూత తగిలించి గాలిసంచిని చేతితో నొక్కుచు, ఆసుపత్రి చేరువఱకు ఊపిరి యందింపగలవాడు బండిలో నున్నచో రోగి బ్రతుకును. విషమునకు విరుగుడు మందు పిదప తన పని తాను చేయును. రక్తపింజరి కాటున రక్తము గడ్డకట్టు గుణము పోవును. అట్టివానిని కోసి నెత్తురు తీయుట చంపుటయే. గట్టిగా త్రాడు బిగించుట, గాయమును నోటితో పీల్చుట, నాటుమందు వెదకుచు గంటలు గడపుట, ఇవి యన్నియు మానవలసినవి. కఱచిన యవయవమును కదలనీయక, రోగిని నడువనీయక, విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చుట యొక్కటే చేయవలసినది. ఇంత చిన్న విద్య ఊరూర నుండవలదా?

పురుగుమందు త్రాగినవానికి నోట నురుగు నిండి శ్వాస యాగుటయు, చేపల చెఱువులయొద్ద విద్యుత్తు యంత్రమును తాకి పడిపోయినవానిని కరెంటు ఆపకయే పట్టుకొని రక్షింపవచ్చినవాడును పడిపోవుటయు మనకు క్రొత్త వార్తలు కావు. ఎండ సంగతి బెజవాడ వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 2015 మే నెల వడగాల్పులలో మన రాష్ట్రమున వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వడదెబ్బ తగిలి స్పృహ తప్పినవానిని ముందు నీటితో ముంచెత్తి ఒడలు చల్లబఱచి, పిదప ప్రయాణము చేయింపవలెను. చల్లబఱచుట మాని వేడి బండిలో పరుగెత్తించిన ప్రతి నిమిషమును వానికి హానియే.

ఇన్నియు దినదిన గండములు. పెనువిపత్తుల మాట వేఱు. 1864 నవంబరు 1వ తేదీ తుపానున బందరు తీరమున సుమారు ముప్పదివేలమంది నశించిరని చరిత్ర. 1977 నవంబరు 19వ తేదీ యుప్పెన దివిసీమను తుడిచిపెట్టినది. సుమారు పదివేల ప్రాణములు పోయినవి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశము బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరదనీరు పాఱినది. అదే సమయమున బుడమేరు పొంగి సింగునగరు మొదలగు పేటలను ముంచివేసినది. జనులు రోజుల తరబడి మేడలమీద చిక్కుకొనిరి. అట్టి వేళ 108 బండి ఎంత మంచిదైనను వీధి మొగమున నిలిచిపోవలసినదే. గర్భిణికి నొప్పులు వచ్చినను, వృద్ధునికి గుండెనొప్పి వచ్చినను, ఆ పేటలో నున్న మనుష్యుడే దిక్కు. ఏరు దాటి పోవలసిన ఎదురుమొండి దీవివాసులకు నిత్యమును ఇదే స్థితి. బండికై కాచుకొనియుండు విధానము వరదనాడు పనికిరాదు. శిక్షితుడు ఊరిలోనే, పేటలోనే యుండవలెను. శిక్షణశాల సమీపమున నుండవలెనని మేము పట్టుపట్టుటకు మొదటి కారణ మిదియే.

ఇప్పుడు ఈ విద్య యెక్కడ దొరకుచున్నది? 108 సేవ తొలినాళ్ళలో దాని సంస్థవారు సికింద్రాబాదు సమీపమున దేవరయాంజాలు ప్రాంగణమున సాంకేతికులకు శిక్షణ యిచ్చిరి. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము తోడ్పాటుతో రెండేండ్ల పారామెడిక్ విద్యను సైతము ప్రారంభించిరి. 2014లో రాష్ట్ర విభజన జరుగగా ఆ ప్రాంగణము తెలంగాణములో నిలిచినది. మన వైపున పారామెడికల్ విద్య లేకపోలేదు. కాని మన బాలబాలికలలో అధికసంఖ్యాకులు ఆసుపత్రి గోడల లోపలి పనులనే, అనగా రక్తపరీక్ష, ఎక్స్‌రే, డయాలసిస్ మున్నగువానినే కోరి పోవుచున్నారు. వీధిలో, పొలములో, కాలువగట్టున జరుగు వైద్యమునకు గౌరవమును లేదు. దానిని నేర్చుటకు పేదవాడు ప్రవేశింపగల దగ్గఱి ద్వారమును లేదు. జీతము మాని రెండేండ్లు దూరపు పట్టణమున కూర్చుండి చదువుట రైతుకూలీ బిడ్డకు సాధ్యమా?

అట్టి ద్వారమే కమ్యూనిటీ కళాశాల. ఒక ప్రాంతపు జనులకు, ఆ ప్రాంతపు అవసరములను బట్టి, తక్కువ ఖర్చుతో, పని చేసికొనుచునే చదువుకొను వీలు కల్పించుచు, చేతికి పని నేర్పు కళాశాల యని దీని యర్థము. అమెరికాలో అంబులెన్సు సాంకేతికులకు విద్య గఱపు పనిలో ఈ కళాశాలలే ప్రధాన భాగము వహించుచున్నవి. అచ్చట మొదటి మెట్టు శిక్షణ సాధారణముగా 120 మొదలు 180 గంటల వఱకు నుండును. పై మెట్టగు పారామెడిక్ విద్య వేయి గంటలకు మించును. మన దేశమునకును ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1995లో పుదుచ్చేరిలోను, 1996లో మద్రాసులోను ఇట్టి కళాశాలలు వెలసినవి. 2013లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు ఉన్న కళాశాలలలోనే కమ్యూనిటీ కళాశాలలను నెలకొల్పు పథకమును ప్రకటించిరి. అనగా క్రొత్త భవనములు లేవలసిన పని లేదు. ఉన్న తరగతి గదులు సాయంకాలమున తెఱువబడిన చాలును.

అసలు ఈ భావము మన కృష్ణాతీరమునకు ఎఱువు సొమ్ము కాదు. 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు కూడి ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినపుడు వారి యుద్దేశమేమి? పరీక్షలకును, గుమాస్తా నౌకరీలకును మాత్రము పనికివచ్చు చదువు చదువు కాదనియు, చేతిపనులు, యంత్రవిద్య, చిత్రకళ మున్నగు జీవనవిద్యలు సాహిత్యముతో సమానముగా కళాశాల పీఠమున కూర్చుండవలెననియు వారు తలచిరి. పట్టాభిగారు స్వయముగా వైద్యులై బందరున వైద్యము చేసినవారు. చేతికి పని నేర్పు కళాశాలను కోరిన ఆ తరమువారు నేడుండినచో, ప్రాణము నిలుపు చేతిపనికంటె గొప్ప చేతిపని వేఱొకటి కలదా యని యడిగి యుందురనుటకు సందేహము లేదు.

ఒక పరదేశపు వృత్తాంతమును పాఠకులకు చెప్పక తప్పదు. 1966లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తువారు ఒక నివేదికను ప్రకటించిరి. తమ నగరవీధిలో గాయపడినవానికంటె యుద్ధరంగమున గాయపడిన సైనికుడు బ్రతుకుట కెక్కువ యవకాశము కలదని అందు తేలినది. ఆ దినములలో పిట్స్‌బర్గు నగరమున పోలీసు బండ్లలోనే రోగులను తీసికొనిపోవుచుండిరి. వారికి దారిలో చికిత్స లేదు. 1967లో ఆ నగరపు హిల్ డిస్ట్రిక్టు అను పేటలో, పనులు దొరకక దేనికిని కొఱగారని త్రోసివేయబడిన నల్లజాతి యువకులను చేరదీసి, పీటరు సఫారు అను వైద్యుని నేతృత్వమున సుమారు 300 గంటల శిక్షణ యిచ్చిరి. ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సేవ యను పేర వారు చేసిన పని ఆ దేశపు ఆపత్కాల వైద్యమునకు మాదిరియైనది. వారికి పాఠములు చెప్పిన నాన్సీ కారొలైన్ అను వైద్యురాలు కూర్చిన పాఠ్యక్రమము దేశమంతటికిని ఆధారమైనది. చదువు లేదని, పేదలని, హీనులని లోకము త్రోసివేసినవారే లోకమునకు గురువులైరి! కాని కథ అంతటితో ముగియలేదు. 1975లో నగరపాలకులు తమ సొంత సేవను స్థాపించి ఆ సంస్థను మూసివేసిరి. తొలి యోధులలో పెక్కుమంది క్రమముగా ప్రక్కకు నెట్టబడిరి. శిక్షణ యిచ్చుట యొకటి; శిక్షితునకు స్థానమిచ్చుట వేఱొకటి. ఈ రెండవ పాఠమునే మనము ముఖ్యముగా గ్రహింపవలెను.

ఇప్పుడు మా సూచన. ఈ విద్యకు రెండు మెట్లుండవలెను. మొదటి మెట్టు అందఱికిని. నూటయేబది గంటలకు మించని సాయంకాలపు తరగతి, తెలుగున బోధన, పదవ తరగతి చదివిన వారికెల్ల ప్రవేశము. ఆటో నడుపువారు, లారీ డ్రైవర్లు, బస్సు కండక్టర్లు, పడవ సరంగులు, పోలీసు కానిస్టేబుళ్ళు, ఆశా కార్యకర్తలు, పాఠశాలల వ్యాయామోపాధ్యాయులు, పల్లెలలో ఆర్.ఎం.పి. డాక్టర్లని పిలువబడువారు ఇందు ముందుగా చేరవలెను. ఆర్.ఎం.పి.లను మనము మెచ్చినను మెచ్చకున్నను, పల్లెలో అర్ధరాత్రి తలుపు తట్టబడునది వారి యింటనే. వారికి చేయదగిన పనియు, చేయదగని పనియు స్పష్టముగా నేర్పుట మేలు.

రెండవ మెట్టు వృత్తిగా స్వీకరించువారికి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ సంఘ చట్టము అత్యవసర వైద్య సాంకేతికులను గుర్తింపబడిన వృత్తులలో చేర్చినది. అనుబంధ ఆరోగ్యవృత్తికి రెండు మొదలు నాలుగేండ్ల వ్యవధిలో 2,000 గంటలకు తక్కువ కాని విద్య యుండవలెనని నిర్ణయించినది. కావున మూడు నెలలలో పారామెడిక్‌ను చేసెదమని గోడలపై ప్రకటనలు వ్రాయువారి మాటలను తల్లిదండ్రులు నమ్మరాదు. అయితే మొదటి మెట్టున గడచిన గంటలు రెండవ మెట్టున లెక్కకు వచ్చునట్లు నియమము చేయవలెను. అపుడు ఆటో నడుపువాడు మెట్టుమెట్టుగా ఎక్కి, అయిదారేండ్లలో వృత్తిపట్టా పొందగలడు. ద్వారము చిన్నదైనను మార్గము మూయబడరాదు.

ఉపకరణములన్నియు మన ముంగిటనే కలవు. విజయవాడలో 1937లో స్థాపితమైన ఎస్.ఆర్.ఆర్. కళాశాల కలదు, 1953లో వెలసిన ఆంధ్ర లయోలా కళాశాల కలదు. బందరున 1843 నాటి నోబుల్ కళాశాల కలదు. వీనిలో ఏ రెండు పూనుకొనినను పని యారంభమగును. పరీక్షలు పెట్టి ప్రమాణము నిలుపుటకు 1986లో విజయవాడ కేంద్రముగా స్థాపింపబడిన ఆరోగ్య విశ్వవిద్యాలయము కలదు. చేతిపని నేర్చుటకు విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రి, 2023లో ఆరంభమైన బందరు ప్రభుత్వ వైద్యకళాశాల, మంగళగిరి ఎయిమ్స్ కలవు. ఏండ్ల తరబడి 108 బండ్లలో తిరిగి చేయి పండిన సాంకేతికులు, ఉద్యోగవిరమణ చేసిన నర్సులు గురువులు కాగలరు. నల్లబల్లపై మాత్రము ఈ విద్య రాదు. శిక్షణబొమ్మపై వందల మాఱులు ఱొమ్ము నొక్కవలెను; అత్యవసర విభాగమున రాత్రులు గడపవలెను; అనుభవజ్ఞుని ప్రక్కన బండిలో తిరుగవలెను. ఈత రానివానికి ఈతను గూర్చి పట్టా యిచ్చినట్లు కారాదు.

ఆక్షేపణలు లేకపోవు. అల్పవిద్య ప్రమాదకరము కదా యని కొందఱు వైద్యు లనుదురు. అల్పవిద్య ప్రమాదకరమే; కాని రోడ్డుమీద రోగి చుట్టును గుమిగూడినవారికి ఇపుడున్నది అల్పవిద్యయు కాదు, అవిద్య. మేము కోరునది చిన్న వైద్యుని కాదు; హద్దు తెలిసిన సహాయకుని. చేయవలసినదానితో పాటు చేయరానిదానిని నేర్పుటయే ఈ విద్యలో సగపాలు. ఖర్చు ఎక్కువ యని మఱికొందఱు అనవచ్చును. గదులు కలవు, ఆసుపత్రులు కలవు, కావలసినది బొమ్మలు, పట్టీలు, గాలిసంచులు, బోధకుల జీతము. ఒక వంతెన శంకుస్థాపన పందిళ్ళకగు వ్యయముతో ఒక తరగతిని కొంతకాలము నడుపవచ్చును. నేర్చినవారు విదేశములకు పోవుదురని ఇంకొక వాదము. కొందఱు పోవుదురు, పోనిండు. ఊరివాడు ఊరిలోనే నేర్చినచో నిలుచువారే యెక్కువగా నుందురని మా విశ్వాసము. పైగా మొదటి మెట్టు నేర్చిన ఆటో డ్రైవరు విమానమెక్కి పోడు.

వీనియన్నిటికంటె బలమైన ప్రశ్న వేఱొకటి కలదు. నేర్చినవానికి అన్నము దొరకునా? 108 సాంకేతికులు, పైలట్లు జీతములకై, ఉద్యోగభద్రతకై పలుమాఱులు రోడ్డెక్కిన సంగతి పాఠకు లెఱుగుదురు. కంట్రాక్టు సంస్థ మాఱినప్పుడెల్ల తన గతి యేమగునో యని బెంగపడువాని చేతిలో మన ప్రాణము పెట్టి నిశ్చింతగా నుండుట న్యాయమా? ఉద్యోగము చూపక తరగతులు తెఱచి, పేద బిడ్డల ఫీజులు తీసికొని, పట్టా చేతికిచ్చి పంపివేయుట మోసము. కావున కళాశాలకును, సేవా నిర్వాహకులకును, ప్రభుత్వమునకును ముందే యొడంబడిక జరుగవలెను. ఏటేట ఎందఱు సాంకేతికులు కావలెనో లెక్కవేసి అందఱినే రెండవ మెట్టున చేర్చుకొనవలెను. వారి వేతనశ్రేణి ప్రభుత్వము నిర్ణయింపవలెను. నిర్వాహకుడు మాఱినను సాంకేతికుని సర్వీసు తెగిపోరాదు. ఈ షరతు లేని పథకమును మేము సమర్థింపజాలము.

న్యాయశాస్త్రము ఈ విషయమున ప్రజలకంటె ముందు నడచినది. 1989లో పరమానంద కటారా వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు, గాయపడినవానికి పోలీసు తతంగముకొఱకు వేచియుండక చికిత్స చేయుట ప్రతి వైద్యుని విధియని శాసించిరి. 1996లో పశ్చిమ వంగ రైతుకూలీల సంఘపు వ్యాజ్యమున, సకాలమున అత్యవసర చికిత్స నందింపకపోవుట రాజ్యాంగపు 21వ అధికరణము నీయు జీవించు హక్కునకు భంగమని తీర్పు చెప్పిరి. 2016 మార్చి 30న దారినపోవుచు సాయపడువారి రక్షణకై నియమములను ఆమోదించిరి. 2019లో మోటారు వాహనముల చట్టమునకు 134-ఏ అను నిబంధన చేరినది. సద్భావముతో సాయము చేసినవానిపై, ఆ సాయమున పొరపాటు జరిగి గాయపడినవానికి హాని కలిగినను, సివిలు క్రిమినలు వ్యాజ్యములు నిలువవు. సాక్షిగా తిప్పుదురేమో, కేసులో ఇఱికింతురేమో యను భయముతో నెత్తురోడు మనుష్యుని చూచి తొలగిపోవువారు ఈ సంగతి నెఱుంగవలెను. జీవించు హక్కు కాగితముపై కలదు. దానిని నిమిషములలో అమలుపఱచు మనుష్యుడు వీధిలో లేడు. కోర్టు తీర్పు నెత్తురును ఆపదు. ఆపునది తెలిసిన చేయి.

స్వచ్ఛంద సేవకత్వమునకు మన ప్రాంతము పేరుపడినది. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు లక్షలాది జనసందోహమును క్రమమున నడిపినది. ఉత్సాహమునకు శిక్షణ తోడైనపుడే దండు, లేనిచో గుంపు. 2024 వరదలలో వేలాది యువకులు పాలపొట్లములు, అన్నపు పొట్లములు మోసి నీటిలో నడచిరి. ఆ యువకులే నాలుగు నెలల సాయంకాలములు ఈ విద్యకై వెచ్చించి యుండినచో, పొట్లముతో పాటు ప్రాణమును కూడ అందింపగలిగి యుండెడివారు. 2028లో కృష్ణా పుష్కరములు రానున్నవి. ఘట్టఘట్టమున శిక్షితులు నిలువవలెనన్నచో ఆనాడు కాదు, నేడు తరగతి తెఱువవలెను.

పఠనాలయములలో ఈ పత్రికను చదువు సోదరులకు మా మనవి యొక్కటే. ఈ వ్యాసము చదివి తలయూపి మడిచిపెట్టకుడు. మీ పట్టణపు మునిసిపలు కౌన్సిలరును, మీ శాసనసభ్యుని, మీ కళాశాల యధ్యక్షుని కలిసికొనుడు. మూడు ప్రశ్నలు వేయుడు: మన కళాశాలలో ఆపత్కాల వైద్యవిద్య ఎన్నడు ఆరంభమగును? నేర్చినవానికి ఉద్యోగము, వేతనము ఎవరు పూచీ? మన వార్డులో వరదనాడు పిలిచిన పలుకగల శిక్షితు లెందఱు? సమాధానము వచ్చువఱకు అడుగుడు. తరగతి తెఱువబడిన నాడు మీలో ప్రతివాడును మొదటి మెట్టుననైనను చేరుడు. ఇంటి స్త్రీలను చేర్పింపుడు, ఏలయన గుండె యాగుట తఱుచుగా వీధిలో కాదు, ఇంటిలోనే జరుగును. మన బిడ్డకు, మన తండ్రికి ఆపద వచ్చిన నాడు ప్రక్కనున్నవాడు ఎవడో మనము నిర్ణయింపజాలము. ప్రక్కనున్నవాడు ఎవడైనను విద్య తెలిసినవాడై యుండునట్లు చేయుట మాత్రము మన చేతిలో కలదు. ఆ పనికి కృష్ణాతీరపు కళాశాలలు తమ తలుపులు తెఱచుగాక.